నీలి చుక్క, కొండగుర్తులు: దూరపు నడకల్లో ఫోన్ మ్యాపు

సభకు నమస్కారం.

రేపు తెల్లవారుజామున మనమంతా కలిసి నడక మొదలుపెట్టబోతున్నాం. అందుకే ఈ సాయంత్రం నడక వల్ల కలిగే లాభాల జోలికి పోకుండా, మనలో ప్రతి ఒక్కరి జేబులోనూ ఉన్న ఒక వస్తువు గురించి మాట్లాడదలచుకున్నాను. అది ఫోన్‌లోని మ్యాపు. రోజుకు 20, 25 కిలోమీటర్ల చొప్పున వరుసగా పది పదిహేను రోజులు నడిచేవారికి ఆ మ్యాపు ఎంతవరకు తోడుంటుంది, ఎక్కడ చేయి వదిలేస్తుంది, దాన్ని ఎలా వాడుకుంటే మనకు మేలు అన్నంతవరకే నా విషయం. నేను దూరాలు నడవడం మొదలుపెట్టి 20 ఏళ్లు దాటింది. మొదటి కొన్నేళ్లు కాగితపు మ్యాపుతోనూ, ఆ తరువాత ఎక్కువగా ఫోన్‌తోనూ నడిచాను కాబట్టి, రెండింటి మంచిచెడ్డలూ నా కాళ్లకు బాగానే తెలుసు.

ఫోన్ మ్యాపును తప్పుపట్టడానికి నేను రాలేదు. ఒకసారి చదునైన కొండ నెత్తిన, పది అడుగుల అవతల ఏముందో కనిపించనంత దట్టమైన పొగమంచులో చిక్కుకున్నాను. దిగే బాట ఎక్కడ మొదలవుతుందో తెలియక, ఏ పక్క అడుగు వేస్తే అంచు వస్తుందోనన్న భయంతో నిలబడిపోయిన ఆ సమయంలో, ఫోన్ తీసి చూసుకుని పది నిమిషాల్లో సరైన చోటికి చేరుకున్నాను. కాగితపు మ్యాపుతో అయితే ఆ రోజు అక్కడే కూర్చుని మంచు విడిచేదాకా ఎదురుచూడవలసి వచ్చేది. ఒంటరిగా నడవడానికి ఒకప్పుడు జంకినవారు ఎందరో ఈ మ్యాపు ఇచ్చిన ధైర్యంతోనే గడప దాటారు. దాని విలువను తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

ఆ ధైర్యం వెనుక ఉన్న చరిత్ర అంత పాతదేమీ కాదు. ఉపగ్రహాల సాయంతో మనం ఉన్న చోటును చెప్పే జీపీఎస్ పథకాన్ని అమెరికా రక్షణ శాఖ 1973లో తలపెట్టింది, 1978లో మొదటి ఉపగ్రహాన్ని పంపింది, 1995 నాటికి వ్యవస్థ మొత్తం పూర్తిగా పనిలోకి వచ్చింది. అయితే సామాన్యులకు అందే సంకేతాన్ని కొన్నేళ్లపాటు కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. దానివల్ల మనం ఉన్న చోటు 100 మీటర్ల వరకు అటూ ఇటూగా కనిపించేది. నడిచేవాడికి 100 మీటర్లంటే వాగుకు ఈ గట్టున ఉన్నామా ఆ గట్టున ఉన్నామా అన్నది తేలనంత దూరం. 2000 మే నెల మొదట్లో ఆ చెడగొట్టడం మానేశారు. స్వచ్ఛందంగా పనిచేసేవారు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో, గూగుల్ మ్యాప్స్ 2005లో మొదలయ్యాయి. మన చేతిలోని సౌకర్యం అంతా ఈ పాతికేళ్లలో సమకూరినదే.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహను తొలగించాలి. సిగ్నల్ లేని చోట జీపీఎస్ పనిచేయదని అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడ ఉన్నాయో, తమ గడియారంలో సమయం ఎంతో నిరంతరం చెబుతూనే ఉంటాయి. ఫోన్ చేసే పని ఆ మాట వినడమే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే, ఒక్కొక్క సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అది తన స్థానాన్ని లెక్క కట్టుకుంటుంది. దీనికి మొబైల్ టవర్ అవసరం లేదు. టవర్ అందుబాటులో ఉంటే ఉపగ్రహాల కక్ష్య వివరాలు నెట్‌వర్క్ ద్వారా క్షణంలో అందుతాయి. లేకపోతే ఆ వివరాలను ఆకాశం నుంచే, సెకనుకు 50 బిట్ల చొప్పున, ఓపికగా అందుకోవాలి. అందువల్లనే మారుమూల చోట ఫోన్ తెరిచిన వెంటనే మనం ఉన్న చోటును చూపే నీలి చుక్క కనిపించకపోతే కంగారు పడకుండా, ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు కదలకుండా నిలబడాలి. టవర్ లేని చోట నిజంగా కనిపించకుండా పోయేది చుక్క కాదు, ఆ చుక్క కింద ఉండవలసిన మ్యాపు. ఆ మ్యాపు ఇంటర్నెట్ నుంచి ముక్కలు ముక్కలుగా వస్తుంది కాబట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకోనివారికి ఖాళీ తెర మీద ఒంటరి చుక్క మిగులుతుంది.

చుక్క వేరు, మ్యాపు వేరు అన్నది ఈ సాయంత్రం మీరు గుర్తుపెట్టుకోవలసిన తేడా. రెండూ ఒకే తెర మీద కనిపించడం వల్ల రెండూ ఒకటే అనిపిస్తాయి, రెండింటి మీదా ఒకే స్థాయి నమ్మకం కలుగుతుంది. కానీ చుక్క ఆకాశం నుంచి వచ్చిన లెక్క. దాని కింద బాటను చూపే గీత ఎవరో ఒక మనిషి, ఏదో ఒక రోజున, ఏదో ఒక ఆధారంతో గీసినది. చుక్క చేసే తప్పులు ఒక రకంగా ఉంటాయి, గీత చేసే తప్పులు మరో రకంగా ఉంటాయి. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నప్పుడే మనం దారి తప్పుతాం.

చుక్క సంగతి చూద్దాం. ఆకాశం తెరిపిగా ఉన్న చోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో మన చోటును చెప్పగలదు. దట్టమైన చెట్ల కింద, ఇరుకైన లోయలో, నిట్టనిలువు రాతి గోడ పక్కన సంకేతాలు బలహీనపడటమో, గోడకు తగిలి మళ్లి ఆలస్యంగా రావడమో జరుగుతుంది. సంకేతం సెకనులో పదిలక్షవ వంతు ఆలస్యమైతే దూరం లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుందంటే, ఆ ఆలస్యాలు ఎంత సున్నితమైనవో ఊహించండి. చుక్క చుట్టూ లేత నీలిరంగులో ఒక వలయం కనిపిస్తుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. ఫోన్ తన అనుమానాన్ని చెప్పుకునే భాష ఆ వలయం. అది పెద్దదయిందంటే, ‘నేను ఇక్కడే ఉన్నానని గట్టిగా చెప్పలేను’ అని ఫోన్ ఒప్పుకుంటోందన్నమాట. మనం చుక్కను చూస్తాం, ఆ వలయాన్ని చూడం.

చూడకపోవడం వల్ల నాకు జరిగినదొకటి చెబుతాను. ఒక సుదూర నడకలో ఐదో రోజు, అడవిలో బాట రెండుగా చీలింది. రెండు పాయలూ ఇంచుమించు పక్కపక్కనే, ఒకే తీరున, ఒకే వెడల్పుతో కిందికి దిగుతున్నాయి. నేను కుడి పాయ పట్టుకుని నూరు అడుగులు నడిచి, అలవాటుగా ఫోన్ తీసి చూశాను. చుక్క సరిగ్గా గీత మీద ఉంది. సంతృప్తితో ఫోన్ జేబులో పెట్టుకుని దిగడం మొదలుపెట్టాను. 50 నిమిషాల తరువాత మళ్లీ తీసి చూస్తే, నేను దిగవలసిన కొండ కొమ్ము పక్కనున్న మరో కొమ్ము మీద, 180 మీటర్లు కిందికి దిగిపోయి ఉన్నాను. మొదటిసారి చూసినప్పుడు ఫోన్ అబద్ధం చెప్పలేదు. 10 డిగ్రీల కోణంలో చీలిన రెండు బాటలు 100 మీటర్లు నడిచాక కూడా ఒకదానికొకటి 17 మీటర్ల దూరంలోనే ఉంటాయి. చెట్ల కింద చుక్కకు ఉండే తేడా కూడా దాదాపు అంతే. ఆ చోట చుక్క ఏ పాయ మీదైనా కనిపించవచ్చు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల శక్తి దానికి ఆ క్షణంలో లేదు. అయినా నేను అడిగాను, అది ఏదో ఒకటి చెప్పింది, నేను నమ్మాను.

ఆ రోజు నన్ను ఇంకా బాధించిన విషయం మరొకటి ఉంది. సరైన బాట దిగినంతసేపూ వాగు చప్పుడు ఎడమ చెవికి వినబడాలి. నేను దిగుతున్నప్పుడు అది కుడి వైపు నుంచి వినబడుతూనే ఉంది. 50 నిమిషాలపాటు నా చెవి నాకు నిజం చెబుతూనే ఉన్నా, నేను దాన్ని ఏమీ అడగలేదు కాబట్టి దాని మాట నాకు చేరలేదు. తిరిగి పైకెక్కడానికి గంటన్నర పట్టింది. అప్పటికి చీకటి పడుతోంది.

ఇక గీత సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి వేదికల్లోని కాలిబాటల్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు గీస్తారు. నడిచి వచ్చిన తమ జాడను ఎక్కించి కొందరు గీస్తారు, ఉపగ్రహ చిత్రాన్ని చూసి మరికొందరు గీస్తారు. ఈ శ్రమ మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. నేను నడిచిన బాటల్లో సగం వారి దయ వల్లనే కనుక్కున్నాను. కానీ పై నుంచి తీసిన బొమ్మలో ఎండిన వాగు, పశువులు తొక్కిన జాడ, మనుషులు నడిచే బాట ఒకేలా కనిపించే సందర్భాలుంటాయి. గీసిన తరువాత వరదకు వంతెన కొట్టుకుపోయి ఉండవచ్చు, కొండచరియ విరిగిపడి ఉండవచ్చు, ఎవరూ నడవక బాట పొదల్లో కలిసిపోయి ఉండవచ్చు. తెర మీద గీత మాత్రం అంతే నున్నగా, అంతే రంగుతో ఉంటుంది. కాగితం మ్యాపు మూలన అచ్చయిన సంవత్సరం ఉంటుంది కాబట్టి, ఇది పాతదేమోనన్న అనుమానం మనకు వెంటనే కలుగుతుంది. తెర మీది మ్యాపు ఎప్పుడూ ఈ క్షణంలో తయారైనట్టే కనిపిస్తుంది.

గీత చెప్పని మరో సంగతి, ఆ దారి ఎంత కష్టమైనదో. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం బెన్ నెవిస్, ఎత్తు 1,345 మీటర్లు. దాని విషయంలో 2021 జులైలో మౌంటెనీరింగ్ స్కాట్లాండ్, జాన్ మ్యూర్ ట్రస్ట్ అనే రెండు సంస్థలు ఒక హెచ్చరిక చేశాయి. ఎక్కువమంది వాడే ఒక ఆన్‌లైన్ మ్యాపు, ఆ శిఖరానికి దారి అడిగినవారిని సరళరేఖలో శిఖరానికి దగ్గరగా ఉన్న కార్ పార్కింగ్ దాకా తీసుకువెళ్లి, అక్కడి నుంచి పైకి చుక్కల గీత చూపిస్తోందని, ఆ గీత వెంట వెళితే అనుభవజ్ఞులకు సైతం ప్రాణాపాయమేనని వారు చెప్పారు. అక్కడ బాట లేదు. నిట్టనిలువు రాతి నేల మాత్రమే ఉంది. మామూలుగా జనం ఎక్కే బాట మరో వైపున ఉంది. ఆ తరువాత ఆ మ్యాపును సరిచేశారు. కారు నిలిపే చోటు నుంచి గమ్యానికి మధ్య ఖాళీని చుక్కలతో పూరించడం నగరంలో ఏ హానీ చేయని పని. కొండ మీద అదే పని మనిషిని అంచు దగ్గరికి నడిపిస్తుంది. చుక్కల గీత కనిపించిందంటే ‘ఇక్కడి నుంచి నాకు తెలియదు’ అని మ్యాపు చెబుతున్నట్టే అర్థం చేసుకోవాలి.

ఎత్తుపల్లాల విషయంలోనూ ఇటువంటి మెలిక ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజులపాటు రాడార్‌తో భూమిని కొలిచింది. భూభాగంలో సుమారు 80 శాతానికి ఎత్తుల లెక్క దానివల్ల దొరికింది. ఉచితంగా దొరికే మ్యాపులు ఎన్నో ఆ లెక్క మీదే ఆధారపడ్డాయి. అందులో నేలను సుమారు 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడికి ఒక్క ఎత్తు మాత్రమే రాశారు. 15 మీటర్ల నిలువు రాతి అంచు ఆ గళ్ల మధ్య ఒక మోస్తరు వాలుగా కరిగిపోతుంది. తెర మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు నున్నగా, ఎడంగా కనిపించాయి కదా అని బాట వదిలి అడ్డదారిన దిగబోయిన నడకరులు చాలామంది ఆ అంచు పైకి చేరి ఆగిపోతారు.

సమయం, దూరం గురించి కొద్దిగా చెప్పి ముందుకు వెళతాను. చాలా మ్యాపులు నడక సమయాన్ని గంటకు దాదాపు 5 కిలోమీటర్ల లెక్కన వేస్తాయి, ఎక్కుడును పట్టించుకునేవి కొన్నే. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ నాకు ఎక్కువ నమ్మకంగా పనికొస్తోంది: 3 మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరో గంట. మన కొలతల్లో స్థూలంగా 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. 20 కిలోమీటర్ల దూరంలో 1,200 మీటర్ల ఎక్కుడు ఉంటే ఫోన్ 4 గంటలు అంటుంది, నైస్మిత్ 6 గంటలు అంటాడు. అందులోనూ విశ్రాంతి లేదు, వీపు మీది బరువు లేదు, ఐదో రోజు అలసట లేదు. చలికాలపు సాయంత్రం ఆ రెండు గంటలే వెలుగుకూ చీకటికీ మధ్య తేడా. దూరం కూడా అంతే. మ్యాపు మీది గీత చిన్న చిన్న మెలికలను కత్తిరించి సాపు చేస్తుంది కాబట్టి దూరాన్ని తగ్గించి చెబుతుంది. మన ఫోన్ నమోదు చేసే జాడ మాత్రం చుక్క అటూ ఇటూ వణికే వణుకును కూడా నడకగా లెక్కవేసి కొంత ఎక్కువ చెబుతుంది. ఒకే బాటకు ముగ్గురు మూడు దూరాలు చెప్పి వాదించుకోవడం మీరందరూ చూసే ఉంటారు. ముగ్గురూ నిజాయితీపరులే.

ఇప్పుడు మన బుర్ర సంగతికి వస్తాను. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జపాన్‌కు చెందిన తోరు ఇషికావా, ఆయన సహచరులు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరిని ఫోన్ వంటి పరికరంలోని జీపీఎస్‌తోనూ, కొందరిని కాగితపు మ్యాపుతోనూ, మరికొందరిని ఆ దారిన ఒకసారి వెంట నడిపించి చూపిన తరువాత సొంతంగానూ, ఒకే రకమైన దారుల్లో కాలినడకన పంపారు. జీపీఎస్ పట్టుకున్నవారు మిగిలిన రెండు బృందాలవారికంటే ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. దారిని ఒకసారి చూసి నడిచినవారితో పోలిస్తే వారు నెమ్మదిగా నడిచారు, దిక్కులు చెప్పడంలో ఎక్కువ తప్పులు చేశారు, నడిచిన దారిని గీసి చూపమంటే సరిగ్గా గీయలేకపోయారు. 2017లో లండన్ పరిశోధకులు మరో కోణంలో చూశారు. ఆ నగరంలోని సోహో వీధుల దృశ్యాల్లో దారి వెతుక్కునేవారి మెదడును స్కాన్ చేస్తే, సొంతంగా ఆలోచించి మలుపు తిరిగేటప్పుడు హిప్పోకాంపస్ అనే భాగంలో పని చురుకుగా పెరిగింది. ‘కుడికి తిరగండి, ఎడమకు తిరగండి’ అన్న సూచనలను పాటించేటప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. చోట్లను గుర్తుపెట్టుకునే భాగం అదే. దానికి పని చెప్పకుండా మనం నడుస్తున్నాం.

అలాగని ఏ సాధనమూ లేకుండా మనిషి దిక్కు తనంతట తానే తెలుసుకుంటాడని కూడా అనుకోకూడదు. 2009లో జర్మనీ పరిశోధకులు కొందరిని అడవిలోనూ, సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమన్నారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపూ వారు తిన్నగానే నడిచారు. మబ్బు కమ్మిన రోజున అడవిలో నడిచినవారు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి, తాము నడిచిన దారినే మళ్లీ దాటారు. కళ్లకు గంతలు కట్టినప్పుడు కొందరు 20 మీటర్ల వ్యాసమున్న వలయంలోనే చుట్టూ తిరిగారు. అంటే మన లోపల దిక్సూచి లేదు. బయట ఏదో ఒక ఆనవాలును పట్టుకునే మనం తిన్నగా నడుస్తున్నాం. ఆ ఆనవాళ్లకు తెలుగులో ఎంత చక్కని మాట ఉందో చూడండి: కొండగుర్తు. దారి పోల్చుకోవడానికి కొండను గుర్తుగా పెట్టుకున్నవారి నోట పుట్టిన మాట అది. ఇవాళ పాఠాన్ని గుర్తుపెట్టుకునే చిట్కాకు కూడా అదే మాట వాడుతున్నాం. దారికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం ఆ ఒక్క మాటలోనే ఉంది.

నేను పాటించే పద్ధతి ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన నాకంటే 20 ఏళ్లు పెద్దవారు, మేమంతా ఆయనను మాస్టారు అని పిలిచేవాళ్లం. నడకలో నేను మ్యాపు తెరవబోయినప్పుడల్లా ఆయన తన అరచేతిని దాని మీద అడ్డుపెట్టి, ‘‘ఎక్కడున్నాం బాబూ? ముందు నువ్వు చెప్పు’’ అనేవారు. చెప్పేదాకా చేయి తీసేవారు కాదు. నేను చుట్టూ చూసి, వాగు దాటి అరగంట అయింది, ఎక్కుడు అయిపోయింది, ఎడమ పక్క జంట శిఖరాలు కనిపిస్తున్నాయి, కాబట్టి ఈ మలుపుకు దగ్గర్లో ఉండాలి అని చెప్పేవాణ్ని. అప్పుడు మ్యాపు తెరిచేవాళ్లం. నా జవాబు తప్పయినా ఆయన ఏమీ అనేవారు కాదు. ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో మాత్రం నా చేతే చెప్పించేవారు. ఇప్పుడు ఆయన లేరు. ఫోన్ జేబులోంచి తీసిన ప్రతిసారీ తెర వెలగకముందు ఆ అరచేయి నాకు కనిపిస్తుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ వరుసలోనే ఉంది. ముందు మనం చెప్పుకోవాలి, ఆ తరువాత ఫోన్‌ను అడగాలి. అలా చేస్తే ఫోన్ మన లెక్కను సరిచూసే సాక్షి అవుతుంది. మన మాటా, దాని మాటా కలిస్తే నిశ్చింతగా నడవవచ్చు. కలవకపోతే ఆగి ఆలోచించవలసిన చోటు అదేనని ముందే తెలిసిపోతుంది. నేరుగా ఫోన్‌నే అడిగితే, పోల్చుకోవడానికి మన దగ్గర మరో జవాబు ఉండదు. నా కుడి పాయ ఉదంతంలో జరిగింది అదే. ‘ఈ బాట దిగినంతసేపూ వాగు ఎడమ పక్కన ఉండాలి’ అన్న ఒక్క వాక్యాన్ని చీలిక దగ్గర మనసులో అనుకుని ఉంటే, 50 నిమిషాలు ఐదు నిమిషాల్లో తేలిపోయేవి.

దీనికోసం ఉదయం బయలుదేరే ముందు పావుగంట కూర్చుని ఆ రోజు దారిని కాగితం మీద నాలుగైదు వాక్యాల్లో రాసుకుంటాను. ఏ వాగులను దాటాలి, ఎక్కడ ఎక్కుడు మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ పక్క ఏ కొండ ఉండాలి అన్నవి అందులో ఉంటాయి. మరీ ముఖ్యంగా, చేరవలసిన చోటు దాటిపోతే ఏది ఎదురవుతుందో కూడా రాసుకుంటాను: ‘రాళ్ల వంతెన కనిపించిందంటే మలుపు దాటిపోయావు’ అన్న వాక్యం నన్ను ఎన్నోసార్లు కాపాడింది. బాట లేని చోట దిక్సూచితో నడుస్తున్నప్పుడు, వాగు ఒడ్డున ఉన్న చోటికి గురిపెట్టకుండా కావాలనే కొంచెం ఎడమకు గురిపెడతాను. 5 డిగ్రీలు తప్పితే కిలోమీటరుకు సుమారు 87 మీటర్లు పక్కకు పోతాం. సరిగ్గా గురిపెట్టి వాగు చేరితే, గమ్యం ఏ పక్కన ఉందో తెలియక దారీతెన్నూ తోచదు. ఎడమకు గురిపెట్టి చేరితే కుడికి తిరగాలని తెలిసే ఉంటుంది.

తెర విషయంలో ఒక చిన్న మార్పు చేసుకోమని కోరుతున్నాను. మనం తిరిగినప్పుడల్లా మ్యాపు కూడా తిరిగే ఏర్పాటును ఆపి, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టుకోండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కానీ రెండు రోజుల్లో ఆ ప్రాంతపు బొమ్మ మనసులో నిలబడటం మొదలవుతుంది. అలాగే తెర ఎంత చిన్నదో గమనించండి. 7 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న తెర మీద 50,000కు ఒకటి వంతు కొలతలో చూస్తే మూడున్నర కిలోమీటర్ల వెడల్పు, ఏడున్నర కిలోమీటర్ల పొడవు మాత్రమే కనిపిస్తుంది. మీటరు వెడల్పున్న కాగితం మీద అదే కొలతలో 50 కిలోమీటర్లు ఒక్కసారి కంటికి ఆనుతుంది. వాన ముంచుకొస్తున్నప్పుడు ఏ లోయలోకి దిగితే త్వరగా ఊరు చేరతామో నిర్ణయించడానికి ఆ విశాలమైన చూపు కావాలి. కాగితం మ్యాపును మడిచి, మనం ఉన్న చోట బొటనవేలు పెట్టి నడుస్తుంటే, ప్రతి ఆనవాలు దగ్గరా వేలు కాస్త ముందుకు జరుగుతుంది. ఆ వేలు ఆగిపోయిందంటే మన శ్రద్ధ కూడా ఆగిపోయిందని అర్థం.

బ్యాటరీ గురించి మీకు తెలిసినదే ఎక్కువ కాబట్టి క్లుప్తంగా చెబుతాను. టవర్ లేని చోట ఫోన్ దాన్ని వెతుక్కుంటూ ఛార్జింగ్ అంతా తినేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా ఇప్పటి ఫోన్లలో చాలావాటికి జీపీఎస్ అందుతూనే ఉంటుంది. చలిలో లిథియం బ్యాటరీ నీరసిస్తుంది. 40 శాతం చూపిస్తున్న నా ఫోన్ ఒక మంచు ఉదయాన ఉన్నట్టుండి ఆరిపోయి, చొక్కా లోపల ఒంటికి ఆనించి అరగంట ఉంచాక మళ్లీ వెలిగింది. పవర్ బ్యాంకును కూడా ఒంటికి దగ్గరగానే పెట్టుకోండి. ఇక వాన. తడిసిన తెర వేలి మాట వినదు, వాన చుక్కల మాట వింటుంది. చుక్కలు పడ్డ చోటల్లా మ్యాపు దానంతట అదే పెద్దదై, చిన్నదై, ఎటో జారిపోతుంటే, తడి చేతులతో దాన్ని తుడుచుకుంటూ నిలబడటం ఎంత నిస్సహాయంగా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. ఆ సమయంలో ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కాగితం ఎంతో ఆదుకుంటుంది.

రేపటి ఏర్పాటు చెప్పి ముగిస్తాను. ఫోన్లన్నీ మ్యాపు డౌన్‌లోడ్ చేసి, పూర్తిగా ఛార్జ్ చేసి, సంచిలో అందుబాటులోనే ఉంటాయి. ఎవరినీ వదిలేసి రమ్మని నేను అడగడం లేదు. ప్రతి ఒక్కరికీ ఒక కాగితపు మ్యాపు, ఒక దిక్సూచి, ఒక పెన్సిల్ ఇస్తాం. మొదటి చీలిక బయలుదేరిన 40 నిమిషాలకు వస్తుంది. అక్కడ అందరం ఆగుతాం. ఒక్కొక్కరూ తామెక్కడ ఉన్నారనుకుంటున్నారో మ్యాపు మీద పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాలి. పక్కవారిది చూడకుండా చుట్టాలి. అందరూ చుట్టిన తరువాత ఫోన్లు తీద్దాం.